చేతులు స్టీరింగ్ మీదే... మరి మనసు?

హ్యాండ్స్‌ఫ్రీ కాల్స్, కార్లలోని వాయిస్ టెక్నాలజీ డ్రైవర్ పరధ్యానాన్ని ఎంతవరకు తగ్గిస్తాయి?

కొత్త కారు కొనడానికి షోరూంకి వెళితే తప్పకుండా చూపించే సౌకర్యాల్లో బ్లూటూత్ కాలింగ్ ఒకటి. స్టీరింగ్ మీదున్న చిన్న బటన్ నొక్కి "అమ్మకు ఫోన్ చెయ్" అంటే చాలు, కాల్ కలుస్తుంది. ఫోన్‌ని జేబులోంచి తీయనక్కర్లేదు, చెవికి ఆనించనక్కర్లేదు. చేతులు స్టీరింగ్ మీదే, కళ్లు రోడ్డు మీదే. ఇక భయం లేదనిపిస్తుంది.

ఈ భరోసా ఎంతవరకు నిజం? ఇరవై ఐదేళ్లకు పైగా జరుగుతున్న పరిశోధనల సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే, సగం నిజం. ఆ సగం ఏది, మిగతా సగం ఏది అన్నది తెలుసుకోవడం మనకు చాలా అవసరం. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వీటిలో ఎక్కువ వాటికి అతివేగమే కారణంగా నమోదైంది. ఫోన్ వాడకం కింద నమోదైనవి కొద్ది శాతమే. అయితే ప్రమాదం జరిగాక వేగం అంచనా వేయడానికి ఆధారాలు మిగులుతాయి కానీ, ఆ క్షణంలో డ్రైవర్ ధ్యాస ఎక్కడుందో చెప్పే ఆధారం మిగలడం అరుదు.

పరధ్యానం మూడు రకాలు

డ్రైవింగ్‌లో పరధ్యానాన్ని శాస్త్రవేత్తలు మూడు రకాలుగా విభజిస్తారు. మొదటిది, కళ్లు రోడ్డు మీద నుంచి పక్కకు మళ్లడం. రెండోది, చేతులు స్టీరింగ్ వదలడం. మూడోది, మనసు డ్రైవింగ్ నుంచి వేరే విషయం మీదకు వెళ్లడం. మెసేజ్ టైప్ చేసే డ్రైవర్‌కు ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. అందుకే అది అన్నిటికన్నా ప్రమాదకరం.

దీన్ని దూరంలోకి మార్చి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వెళుతుంది. రెండు సెకన్లు ఫోన్ వైపు చూస్తే 33 మీటర్లు చూడకుండా నడిపినట్టే. అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు వంద కార్లలో కెమెరాలు అమర్చి, రోజువారీ డ్రైవింగ్‌ను దాదాపు ఏడాది పాటు రికార్డు చేశారు. రోడ్డు మీద నుంచి చూపు రెండు సెకన్లకు మించి మళ్లితే ప్రమాదం జరిగే అవకాశం, లేదా త్రుటిలో తప్పే పరిస్థితి, కనీసం రెట్టింపవుతుందని 2006లో వెల్లడించారు. లారీ డ్రైవర్లపై చేసిన మరో అధ్యయనంలో, మెసేజ్ పంపుతున్న సమయంలో ప్రతి ఆరు సెకన్లలో 4.6 సెకన్లు చూపు రోడ్డు మీద లేదని తేలింది. 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 77 మీటర్లు.

వాయిస్ టెక్నాలజీ వల్ల ప్రయోజనం ఉన్నది సరిగ్గా ఇక్కడే. నంబరు వెతకడం, డయల్ చేయడం, మ్యాప్‌లో చిరునామా టైప్ చేయడం లాంటి పనులను మాటతో చేయగలిగితే చూపు, చేతులు వాటి స్థానంలో అవి ఉంటాయి. ఇది చిన్న లాభం కాదు.

కారు మన మాట ఎలా వింటుంది?

నడుస్తున్న కారులో మాట వినడం యంత్రానికి అంత తేలిక కాదు. టైర్ల రొద, ఇంజిన్ మోత, ఏసీ గాలి, బయట హారన్లు అన్నీ మన గొంతుతో కలిసిపోతాయి. అందుకే చాలా కార్లలో అద్దం దగ్గరో పైకప్పులోనో ఒకటికి మించి మైకులు పెడతారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు మైకులకు ఒకే మాట, వచ్చే దిశను బట్టి, సెకనులో పదివేల వంతుల తేడాతో చేరుతుంది. ఆ తేడాను లెక్కగట్టి, డ్రైవర్ సీటు వైపు నుంచి వచ్చే ధ్వనిని పెంచి, మిగతా దిక్కుల నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తారు.

హ్యాండ్స్‌ఫ్రీ కాల్‌లో మరో చిక్కు ఉంది. అవతలి వ్యక్తి మాట కారు స్పీకర్లలో వినిపిస్తుంది. అదే మాట తిరిగి మైకులోకి వెళితే వారికి తమ గొంతే ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. స్పీకర్‌కు వెళ్లిన ధ్వని ఏమిటో వ్యవస్థకు ముందే తెలుసు కాబట్టి, మైకుకు చేరినదాంట్లోంచి దాన్ని తీసివేస్తుంది. ఇలా శుభ్రం చేసిన ధ్వనిని కంప్యూటర్ నమూనాలు అక్షరాలుగా, పదాలుగా మారుస్తాయి. ఆ తర్వాత వాటి ఉద్దేశం ఏమిటో, అంటే ఫోన్ చేయమంటున్నారా, దారి అడుగుతున్నారా, పాట పెట్టమంటున్నారా అన్నది గుర్తిస్తాయి.

కళ్లు చూస్తాయి, మెదడు గమనించదు

ఇక మిగతా సగం నిజానికి వద్దాం. కెనడాలోని టొరంటోలో ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లుల రికార్డులను ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 1997లో ఫలితాలు ప్రచురించారు. ఫోన్ వాడుతున్న సమయంలో ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవారికి అదనపు రక్షణ ఏమీ కనిపించలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదంలో గాయపడి ఆసుపత్రికి వచ్చినవారిపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది.

ఎందుకిలా? యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సిమ్యులేటర్‌లో హ్యాండ్స్‌ఫ్రీ కాల్ మాట్లాడుతూ నడిపినవారిని పరీక్షించారు. దారిలో కనిపించిన బోర్డులను వారు తర్వాత సరిగా గుర్తుపట్టలేకపోయారు. కంటి కదలికలను కొలిచే పరికరం మాత్రం వారి చూపు ఆ బోర్డుల మీద పడిందనే చూపించింది. కన్ను చూసింది కానీ మెదడు పట్టించుకోలేదన్నమాట. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2008లో ఎంఆర్ఐ స్కానర్‌లో ఉన్నవారి చేత సిమ్యులేటర్ నడిపించారు. ఊరికే వాక్యాలు విని అవి నిజమో కాదో చెప్పమన్నారు. అంతమాత్రానికే, స్థల పరిజ్ఞానంతో సంబంధమున్న మెదడు భాగంలో డ్రైవింగ్‌కు సంబంధించిన చురుకుదనం 37 శాతం తగ్గింది.

మన దేశంలోనూ ఐఐటీ బాంబే పరిశోధకులు సిమ్యులేటర్‌పై అధ్యయనం చేశారు. హఠాత్తుగా పాదచారి రోడ్డు దాటే సన్నివేశంలో డ్రైవర్ స్పందించడానికి పట్టే సమయాన్ని కొలిచారు. ఫోన్‌లో మామూలు కబుర్లు చెబుతున్నప్పుడు అది 40 శాతం పెరిగింది. ఆలోచించి జవాబు చెప్పాల్సిన సంభాషణలో 95 శాతం పెరిగింది. అంటే దాదాపు రెట్టింపు. ప్రమాదాన్ని పెంచేది ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రమే కాదు, ఆ మాటల్లో ఉన్న బరువు కూడా అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పక్క సీటులో మనిషి ఉంటే?

"మరి పక్కన కూర్చున్నవారితో మాట్లాడితే తప్పు లేదా?" అన్న ప్రశ్న సహజం. పక్కనున్న మనిషికి కూడా రోడ్డు కనిపిస్తుంది. ముందు లారీ అడ్డం వస్తే మాట ఆపేస్తారు, "చూసుకో" అని హెచ్చరిస్తారు. ఫోన్‌లో ఉన్నవారికి ఆ లారీ కనిపించదు. జవాబు ఆలస్యమైతే "హలో, వినిపిస్తోందా?" అని ఇంకా ఒత్తిడి పెడతారు. ఈ రెండు పరిస్థితులనూ పోల్చిన యూటా పరిశోధకులకు, ఫోన్‌లో మాట్లాడినవారే తాము దిగాల్సిన దారిని ఎక్కువగా దాటిపోతున్నారని కనిపించింది.

అయితే నిజం మొత్తం చెప్పాలంటే మరో సంగతి కూడా చెప్పుకోవాలి. కెమెరాలతో నిజమైన రోడ్ల మీద చేసిన అధ్యయనాల్లో హ్యాండ్స్‌ఫ్రీ సంభాషణ వల్ల ప్రమాదం స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, డయల్ చేయడం, టైప్ చేయడమే అసలు ముప్పుగా తేలింది. డ్రైవర్లు రద్దీ లేనప్పుడు మాట్లాడటం, మాట్లాడేటప్పుడు వేగం తగ్గించుకోవడం ఇందుకు కొంత కారణం కావచ్చు. పైగా కెమెరా కళ్లను చూడగలదు కానీ మనసును చూడలేదు. కాబట్టి రెండు రకాల పరిశోధనలనూ కలిపి చూస్తే వచ్చే సారం ఇది: చేత్తో ఫోన్ వాడటం కన్నా హ్యాండ్స్‌ఫ్రీ మేలు, కానీ ఫోన్ లేకుండా నడపడంతో మాత్రం అది సమానం కాదు.

మన మాట అర్థం కాకపోతే...

మాటతో పనిచేసే వ్యవస్థ మన మాటను సరిగా గుర్తించకపోతే అదే కొత్త పరధ్యానం అవుతుంది. "దిల్‌సుఖ్‌నగర్" అంటే ఇంకేదో ఊరు చూపిస్తుంది. మళ్లీ చెబుతాం, గొంతు పెంచుతాం, చివరికి తెర వైపు చూస్తాం. యూటా పరిశోధకులు 2015లో కార్లలోని వాయిస్ వ్యవస్థలను పరీక్షించగా, కొన్నిటి విషయంలో ఆదేశం ఇవ్వడం పూర్తయ్యాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకు తిరిగి రావడానికి 27 సెకన్ల వరకు పట్టింది. 40 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు.

మనలాంటి దేశంలో ఇది మరింత ముఖ్యం. "నెక్స్ట్ సిగ్నల్ దగ్గర లెఫ్ట్ తిరగాలా?" అని మనం తెలుగూ ఇంగ్లిషూ కలిపే మాట్లాడతాం. శ్రీకాకుళం యాస వేరు, కరీంనగర్ యాస వేరు, చిత్తూరు యాస వేరు. వీటన్నిటినీ గుర్తించాలంటే అన్ని ప్రాంతాల గొంతుల నమూనాలు కావాలి. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం, 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమం, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ భారతీయ భాషల స్పీచ్ టెక్నాలజీపై పనిచేస్తున్నాయి. డ్రైవర్ ఒక్కసారి చెబితే అర్థం చేసుకునే వ్యవస్థ తయారైతే అది సౌకర్యమే కాదు, రక్షణ కూడా.

చట్టం చేతుల్ని చూస్తుంది

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, డ్రైవింగ్ చేస్తూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందకు వస్తుంది. తొలిసారి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. చట్టం చేతుల్లో ఏముందో చూడగలదు. మనసులో ఏముందో చూసుకోవలసింది మనమే.

ద్విచక్ర వాహనదారుల విషయంలో ఇది ఇంకా కీలకం. 2022 రోడ్డు మరణాల్లో దాదాపు 44 శాతం వారివే. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చి మాట్లాడటాన్ని కొందరు హ్యాండ్స్‌ఫ్రీ అనుకుంటారు. దానివల్ల వెనక నుంచి వచ్చే హారన్ సరిగా వినపడదు, ఫోన్ జారితే చెయ్యి హ్యాండిల్ వదులుతుంది, హెల్మెట్ కూడా తలకు సరిగా పట్టదు.

ఆచరణలో చేయదగినవి కొన్నే. చేరాల్సిన చోటును బండి కదలకముందే మ్యాప్‌లో పెట్టుకోవాలి. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ ఆన్ చేసుకుంటే కాల్స్, మెసేజ్‌ల అలజడి తగ్గుతుంది. తప్పనిసరిగా కాల్ తీయాల్సి వస్తే "డ్రైవింగ్‌లో ఉన్నాను, చేరాక చేస్తాను" అని పెట్టేయాలి. డబ్బు లెక్కలు, ఆఫీసు పంచాయితీలు, ఇంట్లో గొడవలు లాంటివి మాట్లాడాలంటే బండిని సురక్షితమైన చోట ఆపుకోవాలి. ఫోన్ చేసేవారికీ ఇందులో బాధ్యత ఉంది. మొదటి మాటగా "బండి నడుపుతున్నారా?" అని అడిగి, అవునంటే వెంటనే పెట్టేస్తే, రోడ్డు మీద ఉన్న మనవాళ్లకు మనం అంతకన్నా చేయగల సాయం లేదు.