వ్యాయామము పిదప వేన్నీటి స్నానము

గ్రామపెద్దలారా! మామిడిపల్లి, శంషాబాదు ప్రాంతముల మన పల్లెలలో యువకులు ఉద్యోగపరీక్షలకై పరుగు లభ్యసించుట మీ రెఱుగుదురు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులకు 1600 మీటర్ల పరుగును, స్త్రీలకు 800 మీటర్ల పరుగును విధించిరి. ఎండ కలవాటు పడవలెనని కొందఱు పిల్లలు మిట్టమధ్యాహ్నమున పరుగెత్తబోవుదురు. అది ప్రాణాపాయకరము. 2015 వేసవిలో తెలంగాణాంధ్ర రాష్ట్రములు రెంటను కలిపి రెండువేలమందికి పైగా వేడిమికి బలియైరి. ఎండకు దేహమును సిద్ధపఱచుటకు వేఱొక మార్గము కలదు. దానినే నేడు మనవి చేసెదను.

మొదట దేహధర్మమును చూతము. పరుగెత్తునపుడు కండలలో పుట్టిన వేడిని నెత్తురు చర్మమునకు చేర్చును. చెమట యారుటచే నది వెలికి పోవును. కుండ చెమర్చి, ఆ తడి యారుటవలననే గదా లోని నీరు చల్లబడుచున్నది! వేడి కలవాటుపడిన దేహమున చెమట ముందుగా పట్టును. నెత్తుటిలో ద్రవభాగము పెరుగును. గుండె కొట్టుకొను వేగము తగ్గును. ఈ మార్పు లొకనాట రావు. కొన్నిదినములు వరుసగా దేహము లోపల వేడెక్కిననే వచ్చును. తొలియెండలు ప్రమాదకరము లగుటకు ఇదియొక హేతువు.

ఈ వేడిని ఎండవలన గాక నీటివలనను పొందవచ్చునని వేల్సు దేశమందలి బాంగర్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధనమున చూపిరి. ఆరుదినములు వరుసగా 18 డిగ్రీల చల్లదనములో 40 నిమిషములు పరుగెత్తించి, వెంటనే 40 డిగ్రీల వేన్నీటి తొట్టిలో మెడవఱకు మునుగునట్లు 40 నిమిషములవఱకు ఉంచిరి. పిదప 33 డిగ్రీల వేడిలో 5 కిలోమీటర్లు పరుగెత్తుటకు పట్టు కాలము నూటికి సుమారు 5 వంతులు తగ్గినది. చల్లనిచోట పరుగునం దట్టి లాభము కానరాలేదు. ఈ యలవాటు కనీసము రెండువారములు నిలుచునని తరువాత తేల్చిరి.

ఇందలి కిటుకు సులభము. పరుగు ముగిసినంతనే దేహము గాలికి చల్లారును. వేన్నీట మునిగినచో చెమట యారదు; లోనివేడి నిలిచిపోవును. కావున చెంబుతో పోసికొను వేన్నీళ్లకు ఈ ఫలము రాదు, తొట్టి కావలెను. కంఠమునకు దిగువ వేన్నీరు బలకరమనియు, తలకు పోయుట కన్నులకు, కేశములకు హానియనియు మన వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పియున్నాడు. తల నీటి వెలుపలనే యుండుట ఈ పద్ధతియందును నియమము.

ఇక జాగ్రత్తలు వినుడు. చేయి పెట్టి చూచుట చాలదు. ఉష్ణమాపకముతో కొలిచి, 40 డిగ్రీలు మించనీయరాదు. తొలినాడు కొద్ది నిమిషములే కూర్చుండి, క్రమముగా పెంచవలెను. ఒంటరిగా దిగరాదు, తల తిరిగినను, వికారము పుట్టినను వెంటనే వెలికి రావలెను. లేచునపుడు రక్తపుపోటు పడిపోయి మూర్ఛ రావచ్చును. కావున తోడు పట్టుకొని మెల్లగా లేవవలెను. పిదప నీరో, ఉప్పు వేసిన మజ్జిగయో త్రాగవలెను. హృద్రోగులు, రక్తపుపోటు మందులు వాడువారు, గర్భిణులు, జ్వరపీడితులు, పసివారు, మనబోటి వృద్ధులు దీని జోలికి పోరాదు.

ఈ యభ్యాసము వడదెబ్బకు కవచము కాదు. దీనిని నమ్మి మేనెల మధ్యాహ్నమున పరుగెత్తరాదు. ఎవరైన ఎండలో కూలబడి తెలివితప్పి మాటలాడినచో, నీడకు చేర్చి, ఒడలినిండ చన్నీరు పోసి, విసరుచు, 108కి కబురు చేయవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

ఓర్పు మంచిదే, కాని దేహమునకు గడువియ్యని ఓర్పు ప్రాణము తీయును. వేసవి రాకమునుపే, చల్లనివేళ పరుగెత్తి, కొలతతో వేడిని నేర్చుకొమ్మని మీ బిడ్డలకు చెప్పుడు. మీ మాట వారు విందురు.