కెంటు పొలాల్లో మిలిటరీ మోటార్ల తీర్థం

ఇంగ్లండులో ఆగ్నేయపు మూలన వున్న కెంటు సీమ తోటలకూ పొలాలకూ పేరుపడ్డది. బీరు తయారీకి వాడే హాప్ అనే తీగెపంట అక్కడ చాలాకాలంగా పండిస్తున్నారు. ఆ పువ్వుల్ని ఆరబెట్టడానికి కట్టిన ఇటుక గోపురాలు, కోసు టోపీలు పెట్టుకున్న మనుషుల్లా, రైల్లోంచే కనిపిస్తాయి. అటువంటి పచ్చని చోట వేసవిలో ఒక తీర్థం జరుగుతుంది. మన తీర్థాల్లో లాగే తినుబండారాల కొట్లూ, పిల్లల మారాములూ, తప్పిపోయినవాళ్ళ పేర్లు మైకులో పిలవడాలూ అన్నీ వున్నాయి. ఊరేగే దేవుళ్ళు మాత్రం బ్రిటిష్ సైన్యపు పాత మోటార్లు!

నిరుటి వేసవిలో లండనులో మా అబ్బాయి దగ్గర నెల్లాళ్ళున్నాను. ఈ తీర్థం సంగతి వాడే చెప్పాడు. "ఇంత దూరం వచ్చి ఇనప సామాను చూస్తారా మామయ్యగారూ!" అని మా కోడలు నవ్వింది. బస్సుల వర్కుషాపులో ముప్ఫయ్యేళ్ళు గడిపినవాణ్ణి. ఇంజనాయిలు వాసన తగిలితే నా కాళ్ళు నా మాట వినవు.

అక్కడ వందలకొద్దీ బళ్ళున్నాయిగాని, 1940కి ముందువి వెతికినా దొరకడం కష్టం. ఎందుకో తెలుసునా? ఆ సంవత్సరం మే నెలాఖరున, కెంటు తీరానికి ఎదురుగా సముద్రానికి ఆవలనున్న డంకర్కు దగ్గర బ్రిటిష్ సైన్యం చిక్కుకుపోయింది. మనుషుల్ని ఓడలెక్కించి తెచ్చుకున్నారు. దాదాపు 64 వేల వాహనాలు ఫ్రాన్సులోనే వుండిపోయాయి. శత్రువు చేతికి దక్కరాదని డ్రైవర్లు ఆయిలు వదిలేసి, ఇంజన్లు బిగుసుకుపోయేదాకా నడిపారు. కొన్ని చోట్ల లారీల్ని వరసగా సముద్రంలోకి తోలి వంతెనలా చేసి, వాటి మీదుగా నడిచి పడవలెక్కారు. తను రోజూ తుడిచి నడిపే బండిని తన చేత్తోనే పాడుచెయ్యడం డ్రైవరుకి ఎలా వుంటుందో ఆ పని చేసినవాడికే తెలియాలి.

మొదట నన్ను ఆపింది యూనివర్సల్ కారియరు. పై కప్పు లేని ఇనప తొట్టి, టాంకుకున్నట్టే గొలుసు పట్టాలు, నడుమ ఫోర్డు వి-8 ఇంజను. ఇటు డ్రైవరు, అటు తుపాకి మనిషి. వెనక కూర్చున్నవాళ్ళకి ఇంజను పొయ్యిలా తోడుంటుంది. స్టీరింగు కాస్త తిప్పితే పట్టా మొత్తం విల్లులా వంగి బండి మెల్లిగా మళ్ళుతుంది. ఇంకా తిప్పితే ఒక వైపు పట్టాకి బ్రేకు పడుతుంది. ఇంత సుళువైన ఏర్పాటు చేసినవాడికి మనసులో నమస్కారం పెట్టుకున్నాను. ఇటువంటివి బ్రిటనూ, కెనడా, ఆస్ట్రేలియా మొదలైన చోట్ల కలిపి లక్షకు పైగా తయారయ్యాయి.

మన దేశంలోనూ ఆ రోజుల్లో కెనడా నుంచి వచ్చిన ఫోర్డు చట్రాల మీద కవచపు రేకులు బిగించి, చక్రాల కారియర్లు తయారు చేశారు. సిపాయిల నోట దాని పేరు "టాటానగర్". ఒకటైనా కనిపిస్తుందేమోనని మైదానమంతా తిరిగాను, ఒక్కటీ లేదు. మన తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం వంటి వూళ్ళ నుంచి ఎందరో ఆ యుద్ధానికి వెళ్ళారు. వారు ఎక్కిన బళ్ళు ఏమయ్యాయంటే, యుద్ధం కాగానే డిస్పోజల్సులో అమ్ముడయ్యాయి. కొందరు ఆ లారీల మీద బాడీలు కట్టించి బస్సులుగా తిప్పారు. నేను పనిలో చేరిన కొత్తలో పెద్ద మేస్త్రీలు వాటి కథలు చెప్పేవారు. దాచుకోవాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? అప్పుడు బతకడం ముఖ్యం.

ఒక డేరా ముందు రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఇంగ్లీషువాళ్ళ నాలుగు గాలన్ల పెట్రోలు డబ్బా. సన్న రేకుది, ఎత్తి కుదేస్తే అతుకు విడిపోతుంది. ఎడారిలో పెట్రోలు ఎంతో ఇసక పాలయింది. రెండోది జర్మనులది, ఇరవై లీటర్లది, మూడు పిడులది. ఇద్దరు మనుషులు చెరో పిడీ పట్టుకోవచ్చు, ఖాళీవయితే ఒక్కడే ఒక చేత్తో రెండు మొయ్యొచ్చు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చూసి అచ్చంగా అలాంటిదే చేయించుకున్నారు. జర్మనులకి వాళ్ళు పెట్టిన వెక్కిరింపు పేరు "జెర్రీ". అందుకే అది జెర్రీకాను. మరి కారిపోయే పాత డబ్బాలో? సగానికి కోసి, ఇసక పోసి, పెట్రోలుతో తడిపి, అంటించి టీ కాచుకున్నారు. టీ విషయంలో మాత్రం ఆ జాతి బుద్ధి పాదరసం.

ఒక మూల కొందరు జర్మను సైనికుల వేషాలు వేసుకుని నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. చరిత్ర చూపడానికని అన్నారుగాని, నాకు నచ్చలేదు. ఆస్టిన్ చాంపు అనే జీపును మా అబ్బాయి చూపించాడు. ముందుకి అయిదు గేర్లు, వెనక్కీ అయిదు గేర్లే! అంత వేగంగా వెనక్కి పరిగెత్తే బండి సైన్యానికి ఎందుకో అని మావాడు నవ్వాడు. ఖరీదు ఎక్కువై దాన్ని వదిలి చవకయిన లాండ్‌రోవరుకే సైన్యం మొగ్గింది.

నేను ఎక్కువసేపు నిలబడ్డది ఒక అంబులెన్సు దగ్గర. ఆస్టిన్ కె-2 దాని పేరు. సిపాయిలు ముద్దుగా "కేటీ" అనేవారు. బర్మింగ్‌హాములో పదమూడు వేల పైచిలుకు తయారయ్యాయి. లోపల నలుగురిని స్ట్రెచర్ల మీద పడుకోబెట్టవచ్చు, లేదా పదిమందిని కూచోబెట్టవచ్చు. డ్రైవరుకి తలుపు లేదు; కాన్వాసు తెర మాత్రమే. ఇవి తోలినవారిలో ఆడవాళ్ళు చాలామంది. తరవాత రాణి అయిన ఎలిజబెత్తు కూడా 1945లో, పద్ధెనిమిదేళ్ళ పిల్లగా, సైన్యపు మహిళా విభాగంలో చేరి బండి తోలడమూ ఇంజను విప్పడమూ నేర్చుకున్నది. సినిమా ప్రియులకు 1958 నాటి "ఐస్ కోల్డ్ ఇన్ ఆలెక్స్" గుర్తుండవచ్చు. అందులో ఇటువంటి అంబులెన్సునే రివర్సులో, హాండిలు తిప్పుతూ ఇసక దిబ్బ ఎక్కిస్తారు.

బండి యజమాని ఎనభయ్యో పడిలోని పెద్దమనిషి. తమ వూళ్ళో మోటారు మెకానిక్కుగా బతికాడట. ఒక రైతు కోళ్ళగూడుగా వాడుకుంటున్నదాన్ని కొని, పదకొండేళ్ళు పడి బాగుచేశాడు. దొరకని భాగాలు తనే చేశాడు. "ఇప్పుడు పెట్రోలే శత్రువు" అన్నాడు. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు పెట్రోల్లో నూటికి పది పాళ్ళ దాకా సారాయి సత్తు కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. తక్కువ కలిపిన రకాన్ని వెతికి, ఎక్కువ డబ్బిచ్చి పోయిస్తున్నాడు.

హాండిలు కొట్టి చూస్తారా అని నన్నడిగాడు. బొటనవేలును మిగతా వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకున్నాను. వేలు అటు చుట్టి పట్టుకుంటే ఇంజను ఎదురు తన్నినప్పుడు విరుగుతుంది. ఆయన నా ముఖం చూడలేదు, నా వేలు చూశాడు. "మీకెవరు నేర్పారు?" అన్నాడు. మా మేస్త్రీ అన్నాను. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. అప్పట్నుంచి ఇద్దరం మాటల్లో పడ్డాం.

కొడుకులకి ఈ బండి మీద ఆసక్తి లేదట. మ్యూజియంవారు తీసుకుంటామన్నారట. "తీసుకుంటారు. పెట్రోలు వంచేసి, తాడు కట్టి వెనక నిలబెడతారు. చూడొచ్చు, వినడానికి వుండదు" అన్నాడు. నేనేమీ అనలేదు, ఆయన అన్నది నిజమే, మ్యూజియంవారు చెప్పేదీ నిజమే.

మనవరాలు మాత్రం ప్రతి వేసవికీ వచ్చి కూచుంటున్నది. సాయంకాలం మైదానం చుట్టూ ఒక చుట్టు ఆ అమ్మాయే తోలింది. ఆ గేరుబాక్సుకి డబుల్ క్లచ్ కొట్టి, ఇంజను చప్పుడు విని గేరు వెయ్యాలి. లేకపోతే పళ్ళు నూరుతుంది. తాతగారు కుర్చీలోంచి లేచి, చెవి అటు ఒగ్గి నిలబడ్డాడు. మొదటినుంచి రెండుకు మెత్తగా పడ్డది. రెండునుంచి మూడుకు కరకరలాడింది.

"ఇంకో వేసవి పడుతుంది" అన్నాడు నాతో.