డ్రెయిన్: 1 క్రియ, 4 అర్థాలు, కొల్లేటి లెక్క

ఏలూరు, తాడేపల్లిగూడెం రైతుల నోట నిత్యం నలిగే ఇంగ్లీషు మాట డ్రెయిన్. సార్వా చేలో వాననీరు నిలిచిపోతే ‘డ్రెయిన్ లాగడం లేదు’ అంటారు. మనకది మురుగు కాలువ పేరు. ఇంగ్లీషులో మాత్రం ముందు పుట్టింది క్రియ. కాలువకు ఆ పేరు 16వ శతాబ్దంలో వచ్చింది.

1000 ఏళ్లు

ఈ క్రియకు మొదటి అర్థం వడకట్టడం. సుమారు 1000 ఏళ్ల కిందటి పాత ఇంగ్లీషు సువార్తలో, మత్తయి 23:24లో, దోమను వడకట్టి ఒంటెను మింగేవాళ్ల మాట వస్తుంది. అక్కడ వాడింది ఈ క్రియే. ఎండిపోయిందని చెప్పే ‘డ్రై’, కరువును చెప్పే ‘డ్రౌట్’ దీని చుట్టాలే.

4 అర్థాలు

వడకట్టడం మొదటిది. నిలిచిన నీటిని బయటికి లాగడం రెండోది. గ్లాసైనా ఒంట్లో సత్తువైనా పూర్తిగా ఖాళీ చేయడం మూడోది. సంపదను తరలించుకుపోవడం నాలుగోది. దాదాభాయి నౌరోజీ 1867 నుంచి వినిపించిన వాదం ఈ నాలుగో అర్థం మీదే నిలబడింది. దేశం సొమ్ము బ్రిటన్‌కు ఎలా తరలిపోతోందో 1901లో అచ్చయిన పుస్తకంలో ఆయన లెక్కలతో చూపించారు. చదువుకున్నవాళ్ల వలసను ‘బ్రెయిన్ డ్రెయిన్’ అనడం 1960ల్లో బ్రిటన్‌లో మొదలైంది.

68కి 1

తాడేపల్లిగూడెం దగ్గర నందమూరు అక్విడక్టు వద్ద ఏలూరు కాలువ పైనుంచి సాగుతుంది, ఎర్రకాలువ కిందుగా వెళ్లి యనమదుర్రు డ్రెయిన్ అవుతుంది. పైది చేను తడిపే నీరు, కిందిది ముంపు తీసే నీరు. డెల్టా బతకాలంటే రెండూ పారాలి.

కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరుతో పాటు 68కి పైగా డ్రెయిన్లు, కాలువలు వచ్చి పడతాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. వచ్చిన నీటిలోని ఒండ్రు సరస్సులో అడుగుకు చేరుతుంది, తేరిన నీరు సముద్రానికి సాగుతుంది. వడకట్టడం, బయటికి లాగడం, ఈ రెండు పనులూ కొల్లేరు ఒక్కటే చేస్తుంది.

1 అంగుళం

కొల్లేరు అభయారణ్యం హద్దు +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు. ఉప్పుటేరు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. 5 అడుగులంటే 60 అంగుళాలు. కాంటూరు నిండా నీరున్నా సగటున కిలోమీటరుకు దక్కే వాలు 1 అంగుళం! దానికి తోడు సముద్రపు పోటు ఎదురొస్తుంది. గుర్రపుడెక్క అల్లుకున్నా, చెరువుగట్టు అడ్డొచ్చినా ఆ కాస్త వాలూ పనికిరాకుండా పోతుంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట +5 కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించారు. నీటికి మళ్లీ చోటివ్వడమే అందులోని ఉద్దేశం.

కొల్లేటిలోకి డ్రెయిన్లు ఎన్ని తవ్వినా ఆ నీరు బయటపడే దారి ఉప్పుటేరొక్కటే. అందుకే కొల్లేటి ముంపు మీద పెట్టే ప్రతి రూపాయికీ ముందుగా అడగాల్సింది ఉప్పుటేరు ఎంత లాగుతోందన్నదే.