ఒంగోలు కొండ మీద పెట్టుకున్న మొర

దేవుడు పలకడం లేదన్న బాధ ఆయన్ని పిలిచేవాళ్ళకే తెలుస్తుంది. పోతన భాగవతంలో వేయేళ్ళు మొసలితో పెనుగులాడి అలసిపోయిన గజేంద్రుడు, రక్షించేవాడు ఉన్నాడో లేడోనని తల్లడిల్లుతూనే మొరపెట్టుకున్నాడు. బైబిల్లోని 13వ కీర్తన ఇంకెన్నాళ్ళని దేవుణ్ణే నిలదీస్తుంది. రెండు చోట్లా సందేహం ప్రార్థనలో భాగమే. మిరప, పత్తి పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఇలాంటి ఎదురుచూపు ఒకటి తేదీలతో సహా చరిత్రకెక్కింది. అది ఒంగోలు కథ.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు కొద్దిమందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషన్ వార్షిక సభ జరిగింది. నెల్లూరును వదులుకుందామన్న ప్రతిపాదన అక్కడ చర్చకు వచ్చింది. పటంలో తెలుగు నేలంతటికీ ఒకే చుక్కగా కనిపించిన ఆ కేంద్రాన్ని ఎవరో ఒంటరి నక్షత్రమన్నారు. ఆ మాట పట్టుకుని, సభకు వచ్చిన శామ్యూల్ స్మిత్ రాత్రికి రాత్రి ఒక పద్యం రాశాడు. మర్నాడు అది విన్న సభికులకు మూసెయ్యడానికి చేతులు రాలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఐదుగురు ఒంగోలు ఊరి పక్క కొండెక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జివెట్, ఆయన భార్య, వాళ్ళతో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. కింద ఊరు, చుట్టూ పల్లెలు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోకరించి, ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వేడుకున్నారు. అడిగింది అంతే. లేచాక జివెట్ కింద కనిపిస్తున్న ఒక స్థలం చూపించి, మిషన్ బంగళాకు అది బాగుంటుంది కదా అన్నాడు.

జవాబు రాలేదు. 1862లో మూసివేత మాట మళ్ళీ వచ్చింది. సెలవుపై అమెరికాలో ఉన్న జివెట్, మిషన్ బోర్డు పంపకపోతే తానొక్కడే వెళ్ళి తెలుగువాళ్ళ మధ్యనే బతికి అక్కడే చస్తానని తేల్చి చెప్పాడు. జివెట్ నమ్మకం ఆవేశం మీద నడిచింది కాదు. ఏళ్ళ తరబడి తెలుగు నేర్చుకుంటూ, తెలుగు బైబిలు సవరణలో కూర్చుంటూ, ఫలితం కనపడని పనిని ఆయన రోజూ చేశాడు.

జవాబు వచ్చేదాకా పట్టిన పన్నెండేళ్ళ కాలం ఖాళీగా గడిచిందనుకుంటే పొరపాటు. కొండ మీద ప్రార్థన జరిగిన నాటికి, ఆ ప్రార్థనకు జవాబు కాబోయే జాన్ క్లౌ అమెరికాలో 17 ఏళ్ళ కుర్రాడు. దైవభక్తి ఇంకా అబ్బలేదు. అబ్బింది సర్వే పని. కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ రాజయోగ గురువుల దగ్గర సత్యం కోసం వెతుకుతున్నాడు. ఒంగోలు గురించి కొండ మీద మొర పెట్టుకున్నవాళ్ళకు ఈ ఇద్దరిలో ఒక్కరూ తెలియదు. నిరీక్షణను ఇక్కడే తప్పుగా అర్థం చేసుకుంటాం. అడిగినవాడి కంటికి కనపడే మేరలోనే దేవుడి పని జరగాలనుకుంటాం.

మిషనరీగా మారిన క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. పేరయ్య అదే ఏడు బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో తాళ్ళకొండపాడు వైపు 28 మంది ఆయన బాటే పట్టారు. వచ్చినవాళ్ళు మాదిగలు కావడంతో ఊరి పెద్ద కులాలవాళ్ళు మొహం చాటేశారు. వాళ్ళ పిల్లలు మిషన్ బడి మానేశారు. క్లౌ దంపతులు ఎవరికి వాళ్ళుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకం హీనంగా చూసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడనే భాగం కనిపించిందని చెబుతారు. వాడల్లో తరతరాలుగా అణిగిమణిగి బతికినవాళ్ళ మొర కొండ మీది మొరకంటే పాతది. ఒంగోలులో జవాబు దొరికింది వాళ్ళకే అనడమే న్యాయం.

తర్వాత 1876-78 మహా కరువు. వానల్లేక, గింజల్లేక ఊళ్ళు ఖాళీ అయ్యాయి. లక్షలకొద్దీ జనం చనిపోయారు. వాళ్ళలో ప్రార్థించినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చావుకు కారణం చెప్పగల వేదాంతం లేదు. ఉందనడం క్రూరత్వం. కుర్రతనంలో నేర్చిన సర్వే పని క్లౌకి అప్పుడు అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చాడు. పారా తట్టా పట్టిన గుంపులపై సంఘ బోధకులే మేస్త్రీలు. పని ఆపి కూలీలు కూర్చున్నప్పుడు వాళ్ళు మధ్యలో చేరి, కష్టం చెప్పుకునేవాళ్ళ మాట వినేవాళ్ళు, అడిగినవాళ్ళకు యేసు సంగతి చెప్పేవాళ్ళు.

వందలాది మంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, సాయం అందుతున్నన్నాళ్ళూ, పదిహేను నెలలు, అందరినీ ఆపాడు. దేవుడి ఆలస్యం గురించి బాధపడ్డ మిషను ఇప్పుడు తానే జనాన్ని వేచి ఉండమంది. సాయం ఆగాక కూడా వాళ్ళు వెనక్కి పోలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందు రోజు 614 మంది, తర్వాతి రోజు 701 మంది.

జివెట్ 1897 దాకా బతికి ఇదంతా చూశాడు. అనారోగ్యంతో 1853లోనే అమెరికా వెళ్ళిపోయిన శామ్యూల్ డే మాత్రం 1871లో కన్నుమూశాడు. ఆయన నాటినదాని అసలు పంట ఆయన తర్వాతివాళ్ళ కళ్ళబడింది.