రాయలసీమ వాతావరణం: అదను, పదనుల అంతరం

వ్యాససంగ్రహం:
రాయలసీమ వాతావరణాన్ని వార్షిక వర్షపాత సగటుతో వివరించడం పరిపాటి. సేద్యపు భాషలోని ‘అదను’, ‘పదను’ అనే మాటల ఆధారంగా అక్కడి వర్షవైవిధ్యాన్ని, అందులో వస్తున్న మార్పును వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రాయలసీమ, అదను, పదను, కార్తెలు, వేరుశనగ, కరవు.

1. ఉపోద్ఘాతం:
రాయలసీమ మొత్తాన్ని ఒకే కరవునేలగా భావించే ధోరణి సాహిత్యవిమర్శలోనూ కనిపిస్తుంది. అయితే ఇక్కడి వర్షపాతం అంతటా ఒకే తీరుగా ఉండదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా సగటున సుమారు 550 మి.మీ. వాన కురుస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అది 900 మి.మీ. దాటుతుంది. కర్నూలు, కడప జిల్లాలు ఈ రెండింటికీ నడుమ నిలుస్తాయి.

2. వైవిధ్యానికి కారణాలు:
అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలులు తమ తేమలో అధికభాగాన్ని పడమటి కనుమల మీదనే వదిలివేస్తాయి. కనుమలకు తూర్పున ఉన్న అనంతపురం వర్షచ్ఛాయలో పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి వస్తాయి. తీరానికి చేరువైన చిత్తూరు తూర్పుభాగానికి వాటి వలన మంచి వానలు దక్కుతాయి. పడమటికి పోయేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. ఈ విధంగా అనంతపురం రెండు రుతుపవనాలకూ చివరి అంచున మిగిలింది.

3. అదను, పదను:
అదను అంటే తగిన కాలం. పదను అంటే దున్నడానికీ విత్తడానికీ తగినంతగా నేలలో చేరిన తేమ. మొదటిదానిని రైతు కార్తెలతో లెక్కిస్తాడు, రెండవదానిని మట్టిని చేతబట్టి తెలుసుకుంటాడు. ఒకే వాన ఎర్రనేలకూ నల్లరేగడికీ ఒకే పదను ఇవ్వదు. లోతు తక్కువైన ఎర్రనేల త్వరగా ఆరిపోతుంది. రేగడి తేమను చాలాకాలం నిలుపుకుంటుంది కనుకనే అందులో వానలు వెనుదిరిగిన తరువాత కూడా శనగ పండుతుంది.

ఎర్రనేలల్లో వర్షాధారంగా వేసే వేరుశనగకు ఆరుద్ర, పునర్వసు కార్తెలు అదను. విత్తిన తరువాత ఊడలు దిగే దశలోనూ కాయ ఊరే దశలోనూ పదను తప్పనిసరి. అప్పుడు మూడు వారాలు వాన మొగం చాటేస్తే, పంట చేతికి వచ్చే వేళ ఎంత కురిసినా ఆ నష్టం పూడదు. ఏడాది చివర లెక్కలో మాత్రం వర్షపాతం సాధారణంగానే నమోదు కావచ్చు. విత్తే అదనే తప్పితే రైతు ఉలవలకు మళ్ళుతాడు.

4. మారుతున్న తీరు:
కార్తెలు సూర్యగమనాన్ని అనుసరించి దాదాపు స్థిరంగా వస్తాయి. వాన అలా రాదు. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువలన కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం హెచ్చుతుంది. ఆ నీరు నేలలోకి ఇంకకముందే వాగుల పాలవుతుంది.

2009లో దేశవ్యాప్తంగా నైరుతి వానలు తీవ్రంగా లోపించాయి. అదే సంవత్సరం అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో చెయ్యేటి వరదకు కడప జిల్లాలోని అన్నమయ్య జలాశయపు కట్ట తెగింది. కరవు, వరద పరస్పర విరుద్ధాలు కావని, ఒకే అస్థిరతకు రెండు ముఖాలని ఈ ఘటనలు సూచిస్తాయి.

ఈ అస్థిరతను పూర్వులు ఎరుగుదురు. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం తటాకనిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలనూ, విడువవలసిన ఆరు దోషాలనూ పేర్కొంటుంది. అదనులో రాని నీటిని అదనుదాకా నిలిపి ఉంచడమే చెరువు చేసే పని.

5. ముగింపు:
సగటు వర్షపాతం ఎంత కురిసిందో చెబుతుంది. ఎప్పుడు కురిసిందో, నేలలో ఎంత నిలిచిందో చెప్పదు. అదను, పదను అనే మాటలు ఆ రెండు ప్రశ్నలకూ సమాధానాలు. అప్పుచేసి తెచ్చిన విత్తనాన్ని నేలలో వేయాలా వద్దా అని నిర్ణయించుకోవలసిన రైతుకు అవసరమైన లెక్క అదే. కార్తెకూ వానకూ ఎడం పెరుగుతున్న కొద్దీ ఈ మాటలు వాడుక నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. వాటిని మాండలిక పదాలుగా మాత్రమే సేకరిస్తే చాలదు. ఏ నేలలో, ఏ పైరుకు, ఏ కార్తెలో వాడారో ఆ సందర్భంతో సహా నమోదు చేయడం తెలుగు పరిశోధకుల కర్తవ్యం.