కప్పు మనది... క్లబ్బు ఎవరిది?

దేశపు ఫుట్‌బాల్‌ను ఒకప్పుడు హైదరాబాద్ ఏలింది. 2022లో మళ్లీ జాతీయ విజేతగా నిలిచింది. మూడున్నరేళ్లు తిరిగేసరికి ఆ జట్టే ఊరు వదిలి పోయింది. పోలీసు శాఖ జట్టు నుంచి కార్పొరేట్ జట్టు దాకా మన నగరం ఫుట్‌బాల్ కథ ఇది. పక్కనే, నూటపదేళ్లు దాటినా చెక్కుచెదరని ఒక క్రొయేషియా క్లబ్బు కథ కూడా.

2022 మార్చి 20 రాత్రి, గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ కంటే హైదరాబాద్ ఎఫ్‌సీ ఒక గోల్ వెనకబడి ఉంది. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా గోల్‌లోకి దూసుకుపోయింది. 1-1. అదనపు సమయంలోనూ తేలక, ఆట పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. వాటిలో ఒకటి మార్కో లెస్కోవిచ్‌ది. క్రొయేషియాలో పేరుమోసిన డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడి వచ్చిన డిఫెండర్ అతను. హైదరాబాద్ 3-1తో గెలిచి కప్పు అందుకుంది.

2025 అక్టోబరులో అదే క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ చేరింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అభిమానులను ఎవరూ అడగలేదు. అడగాలన్న నిబంధన కూడా మన లీగ్‌లో లేదు.

పోలీసు జట్టు రాజ్యం

ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే హైదరాబాద్ ఫుట్‌బాల్ రెండు యుగాలకూ దారి దొరుకుతుంది. ఎల్బీ నగర్ వైపు వెళ్లే రైల్లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే కొద్ది దూరంలో లాల్ బహదూర్ స్టేడియం, అంటే ఒకప్పటి ఫతే మైదానం. అమీర్‌పేటలో లైను మారి రాయదుర్గం దాకా వెళ్తే, అక్కడి నుంచి గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. కార్పొరేట్ జట్టు ఆడింది గచ్చిబౌలిలో. పాత వైభవం మాత్రం ఫతే మైదానం కాలానిది.

ఆ వైభవానికి కేంద్రం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. నిజాం జమానాలోనే, 1943లో, బెంగళూరుకు వెళ్లి రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించి ఆషే గోల్డ్ కప్పు తెచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయింది. రాజ్యం పోయినా జట్టు నిలిచింది. రెండేళ్లకే, 1950లో, స్వాతంత్ర్యం తరవాత జరిగిన తొలి డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. ఆ కప్పును 1954 దాకా వరసగా అయిదేళ్లు ఇంకెవరికీ దక్కనివ్వలేదు. డ్యూరాండ్ కూడా 1954, 1957, 1961ల్లో మళ్లీ మనకే వచ్చింది. చివరిసారి వచ్చేసరికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. రాష్ట్రాల టోర్నీ అయిన సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ జట్టు వరసగా గెలిచింది.

ఈ బలానికి మూలం కొలువు. బాగా ఆడే కుర్రాడికి పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది. పొద్దున్నే ప్రాక్టీసు, నెల తిరిగేసరికి జీతం. ఫుట్‌బాల్ పేదింటి పిల్లల ఆట కాబట్టి ఆ జీతం విలువ వాళ్లకే తెలుసు.

రహీం సాబ్ బడి

కొలువు ఆటగాళ్లను ఒకచోట చేర్చింది. వాళ్లను జట్టుగా మలిచింది ఒక బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, నగరంలోని స్కూళ్లలో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ కోచ్.

రహీం సాబ్ స్థానిక కుర్రాళ్లకు విచిత్రమైన టోర్నీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. మరోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. సొంత గారడీ మీద మోజు తగ్గాలి, రెండు కాళ్లూ పనికి రావాలి, చూపు పక్కవాడి మీద ఉండాలి అన్నది ఆయన లెక్క. పోలీసు జట్టు గెలుపుల వెనక ఈ శిక్షణ ఉంది. ఆయన కాలంలో భారత్ ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచింది, 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ. 1962 ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన జీవితం మీద వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' 2024లో విడుదలయ్యాక ఈ తరానికి ఆ పేరు మళ్లీ తెలిసింది.

హెల్సింకీలో పది గోల్స్

మన ఆటగాళ్లకు క్రొయేషియా ఫుట్‌బాల్ రుచి తెలిసింది 1952 జులై 15న, హెల్సింకీ ఒలింపిక్స్‌లో. అప్పుడు క్రొయేషియా యుగోస్లావియాలో భాగం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి హైదరాబాదీలున్న రహీం జట్టులో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. ఎదురుగా జాగ్రెబ్‌లో పుట్టిన బ్రాంకో జెబెక్, స్ప్లిట్ నగరపు హైదుక్ క్లబ్బు వీరుడు బెర్నార్డ్ వూకాస్. జెబెక్ నాలుగు కొట్టాడు, వూకాస్ రెండు. మొత్తం 10-1. గోల్ దగ్గర కాపలా ఉన్న వ్లాదిమిర్ బెయారా కూడా హైదుక్ వాడే. ఈ ఓటమి తరవాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బూట్లు తొడుక్కున్న జట్టు కనిపించింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఇవాళ ఎస్.ఆర్. నగర్ అని పిలుచుకునే పేట ఆయన పేరు మీద వెలిసిందే. కొత్త రాష్ట్రానికి సరిగ్గా నెల నిండిన రోజున, డిసెంబరు 1న, భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. అజీజుద్దీన్, నూర్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్... హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆట నేర్చినవాళ్లు ఆ బృందంలో ఇంతమంది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి తొలి గోల్ మనది. చివరికి 4-1తో ఓడినా, నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు అంతకు మించిన ఫలితం మళ్లీ రాలేదు.

కలకత్తా పిలిచింది

కలకత్తా క్లబ్బులు మన ఆటగాళ్ల మీద కన్నేశాయి. అక్కడ లక్షల అభిమానులు, పేరు, డబ్బు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం ఈస్ట్ బెంగాల్ జెర్సీలోనే దేశానికి తెలిశాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు నయీముద్దీన్, కలకత్తా 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్న మహమ్మద్ హబీబ్, తరవాత షబ్బీర్ అలీ... వాళ్ల గొప్ప ఆటంతా కలకత్తా మైదానాల్లోనే సాగింది. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఒక గోల్ హబీబ్‌దే.

వాళ్లు ఎందుకు పోయారని అడిగేకంటే, ఇక్కడ ఉండటానికి ఏం మిగిలిందని అడగాలి. పోలీసు జట్టు ఒక ప్రభుత్వ శాఖది. శాఖకు వేరే పనులుంటాయి. నియామకాలు తగ్గితే జట్టు పలచబడుతుంది, అధికారి మారితే ప్రాధాన్యం మారుతుంది. మోహన్ బగాన్‌కూ, ఈస్ట్ బెంగాల్‌కూ సభ్యులున్నారు. వాళ్లు ఓటేస్తారు, గొడవపడతారు, వదిలిపెట్టరు. హైదరాబాద్‌కు కప్పులు వచ్చాయిగానీ సభ్యులు లేరు.

పుణె నుంచి వచ్చి, ఢిల్లీకి పోయి

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. నిజానికి అది లీగ్‌లో ఖాళీ అయిన చోటును భర్తీ చేయడం. అప్పటిదాకా ఆడిన ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ చోటు మనకు దక్కింది. పుణె అభిమాని బాధ అప్పుడు మనకు పట్టలేదు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ల తరవాత ఢిల్లీ ఖాళీని నింపింది మన జట్టే.

తొలి సీజన్‌లో ఆఖరి స్థానం. తరవాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి కుర్రాళ్లను నమ్ముకున్నాడు. నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచే 2021-22లో 18 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. కప్పు వచ్చింది. కానీ కొవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మన ఊరి జట్టు దేశ విజేత అవుతుంటే మన ఊరు టీవీలో చూసింది.

మరుసటి ఏడాది జట్టు లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచింది. ఆ తరవాత డబ్బు ఆడలేదు. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు ఆగాయి. విదేశీయులు, సీనియర్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధాలు పడ్డాయి. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు. మిగిలిన కుర్రాళ్లే సీజన్ ఈడ్చుకొచ్చారు. యాజమాన్యం చేతులు మారింది, ఏడాది తరవాత ఊరూ మారింది. ఎస్.ఆర్. నగర్ గల్లీల్లో అద్దె గది ఖాళీ చేసినంత తేలిగ్గా క్లబ్బు ఖాళీ చేసి వెళ్లిపోయింది.

నగరంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ పూర్తిగా చచ్చిపోలేదు. అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనా కేంద్రంగా శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో వరసగా రెండో స్థానం సాధించింది. 2024 చివర్లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆట ఉంది, మైదానం ఉంది. కొరత మరోచోట ఉంది.

స్ప్లిట్‌లో అలా ఎందుకు జరగలేదు

హెల్సింకీలో మనకు చుక్కలు చూపించిన హైదుక్ స్ప్లిట్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. 1911 ఫిబ్రవరిలో, ఇంటికి దూరంగా ప్రాగ్‌లో చదువుకుంటున్న స్ప్లిట్ కుర్రాళ్లు ఊ ఫ్లెకూ అనే బీరు హాల్లో కూర్చుని ఆ క్లబ్బును పెట్టుకున్నారు. జమీందారో కంపెనీయో ప్రభుత్వ శాఖో పెట్టింది కాదది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ స్ప్లిట్‌ను ఆక్రమించి, తమ లీగ్‌లో ఆడమంటే ఒప్పుకోలేదు. 1944లో ఆటగాళ్లు విస్ దీవికి చేరి, ఫాసిస్టులతో పోరాడుతున్న గెరిల్లా సైన్యపు జట్టుగా ఆడారు.

1950లో మన పోలీసు జట్టు డ్యూరాండ్, రోవర్స్ గెలిచిన ఏడాదే, అక్టోబరు 28న, స్ప్లిట్‌లో 'టోర్సిడా' అనే అభిమానుల సంఘం పుట్టింది. అది ఇవాళ్టికీ ఉంది. 2008లో క్లబ్బు వాటాల కంపెనీగా మారి, అప్పుల్లో మునిగినప్పుడు అభిమానులు 'నాష్ హైదుక్' అనే సంఘం పెట్టి వాటాలు కొనడం మొదలుపెట్టారు. ఎక్కువ వాటా నగరపాలికది. కానీ క్లబ్బును పర్యవేక్షించే మండలిని ఎన్నుకునేది సభ్యులు. హైదుక్ 2005 తరవాత లీగ్ గెలవలేదు. అయినా సభ్యుల సంఖ్య లక్ష దాటింది. స్ప్లిట్ జనాభా దాదాపు లక్షా అరవై వేలు.

రెండు దశాబ్దాలుగా లీగ్ గెలవని క్లబ్బును లక్షమంది పట్టుకుని ఉన్నారు. మనం గెలిచిన క్లబ్బును మూడున్నరేళ్లకే పోగొట్టుకున్నాం.

పోయాక ఏం చేయొచ్చు?

ఊరు మారడం ఇక్కడే జరిగింది కాదు. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలించారు. తరలింపుకు అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు పెట్టి, మైదానంలో ట్రయల్స్ జరిపి జట్టు కట్టారు. స్థానిక లీగ్ నుంచి మెట్టు మెట్టు ఎక్కి 2011లో ప్రొఫెషనల్ లీగ్‌కు, 2020లో పాత స్టేడియం ఉన్న ప్లౌ లేన్‌కు చేరారు. జర్మనీలో ఓట్లలో సగానికి మించి సభ్యుల దగ్గరే ఉండాలన్నది సాధారణ నియమం. ఇంగ్లండ్ 2025లో ఫుట్‌బాల్ మీద చట్టమే తెచ్చి, క్లబ్బులు ఇష్టమొచ్చినట్టు మైదానం మార్చకుండా కట్టడి పెట్టింది.

మన లీగ్‌కు అలాంటి కట్టడి లేదు. ఈ రాష్ట్రంలో ఆడే క్లబ్బు ప్రభుత్వ స్టేడియం కావాలన్నప్పుడే షరతులు పెట్టొచ్చు. ఊరు మార్చాలంటే సభ్యుల ఓటు ఉండాలి, పాలకవర్గంలో అభిమానుల ప్రతినిధి ఉండాలి, కింది వయసు జట్లను ఇక్కడే నడపాలి. జీతాలకు ముందే పూచీకత్తు కట్టించుకోవాలి. ఇవి లేకుండా గచ్చిబౌలి తాళాలు ఇస్తే రేపటి జట్టూ అలాగే పోతుంది.

మిగతాది మన పని. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో అర్ధరాత్రి ఫోన్లలో యూరప్ లీగ్‌లు చూసే కుర్రాళ్లకు కొదవ లేదు. వాళ్లు చదివే జూనియర్ కాలేజీలు చాలావరకు బిల్డింగు అంతస్తుల్లో ఉన్నాయి, ఆడుకునే చోటే లేదు. ప్రాగ్‌లో హైదుక్‌ను పెట్టింది సరిగ్గా ఈ వయసువాళ్లే, వీళ్లలాగే ఇల్లు వదిలి చదువుకోవడానికి వచ్చినవాళ్లే. రహీం సాబ్ కాలంలో ఈ నగరానికి ఆట తెలుసు, ఆటగాళ్లున్నారు, కోచ్ ఉన్నారు. లేనిది సభ్యత్వ పుస్తకం ఒక్కటే. ఈసారి జట్టు కంటే ముందు అదే తెరవాలి.