పింగ్ జన్మవృత్తాంతము

రెండు యంత్రములు దూరదేశములందుండి సంభాషించుచుండగా ఆ సంభాషణము నడుమ ఆగిపోయినచో, దోషము తన కార్యక్రమమునందున్నదో, మార్గమునందున్నదో, అవతలి యంత్రమునందున్నదో ఎట్లు తెలియును? సాఫ్ట్‌వేరు రచించువారికి ఈ సంశయము నిత్యానుభవము. తాను వ్రాసిన పంక్తులన్నియు తిరుగవేసి చూచుకొని, నిద్ర చెడగొట్టుకొని, తుదకు గోడమూలనున్న తీగ వదులైనదని తెలిసికొన్నవారు ఆ వృత్తియందు కొల్లలు. ఈ సంశయమును తీర్చుటకు పుట్టిన సాధనములలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి దీర్ఘాయువు గలదియు పింగ్.

దానికి క్షేత్రము ముందే సిద్ధమై యుండెను. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రచించిన ఆర్.ఎఫ్.సి. 792 అను పత్రము, ఇంటర్నెట్టులోని యంత్రములు తమ కష్టసుఖములను ఒండొంటికి తెలుపుకొనుటకు ఐ.సి.ఎం.పి. యను నియమావళిని ఏర్పరచెను. అందు ఎకో యను సందేశముల జంట యొకటి కలదు: ఎనిమిదవ రకము సందేశము వచ్చినచో, అందున్న అక్షరములను ఉన్నవి ఉన్నట్లుగా సున్న రకము సందేశమున పెట్టి త్రిప్పి పంపవలెను. ఇంతకుమించి దానికి అర్థము లేదు. డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు తన యంత్రములపై ఈ సందేశములను పంపి, పోకరాకలకు పట్టు కాలమును కొలిచియుండెను. ఆ సంగతిని 1983 జులైలో నార్వేలో జరిగిన ఒక సమావేశమున మాటల సందర్భమున చెప్పగా, మైక్ మ్యూస్ అను యువకుడు విని మనస్సున నుంచుకొనెను.

మ్యూస్ అమెరికా సైన్యమునకు చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయమున పనిచేయుచుండెను. ఆ డిసెంబరులో అచ్చటి నెట్‌వర్కు వింతగా ప్రవర్తింపసాగెను. మిల్స్ మాట జ్ఞప్తికి వచ్చి ఆయన ఒక కార్యక్రమమును చకచక వ్రాసెను. అది కంపైలు అయ్యెను గాని పనిచేయలేదు. ఏలయన, యూనిక్సు వ్యవస్థకు మూలమగు కెర్నలునందు ఇట్టి సందేశములను నేరుగా పంపుటకు వలసిన ద్వారమే లేదు. మఱియొకడైనచో అచ్చట విరమించియుండును. ఆయన కోపించి, కెర్నలులోనికే దిగి ఆ ద్వారమును నిర్మించి, సూర్యోదయమునకు మునుపే సర్వమును నడుచునట్లు చేసెను. ఇంతలో ఆయన సహోద్యోగి చెడిన యంత్రభాగమును కనుగొని బాగుచేసియే యుండెను! మొదటి పింగ్ బయలుదేరునప్పటికి అది వెదుకవలసిన దోషము లేదు. జలాంతర్గాములను శబ్దముతో వెదకు సోనారు ధ్వనినిబట్టి ఆయన తన కార్యక్రమమునకు ఆ పేరు పెట్టెను.

పింగ్ పనిచేయు తీరును ఒక ఉదాహరణముతో దగ్గరగా చూడవలెను. కడోదరా సూరత్ జిల్లాలో పల్సాణా తాలూకాకు చెందిన ఊరు. ముంబయి-అహ్మదాబాదు రాజమార్గమును ఆనుకొని, నేత మిల్లులతోడను, అద్దకపు మిల్లులతోడను క్రిక్కిఱిసి యుండును. తెలంగాణమునుండి తరలిపోయి సూరత్ పరిసరములందు మరమగ్గములు నడుపు పద్మశాలి కుటుంబములు అనేకములు. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు సైతము నడిపినది. అట్టి యింట పుట్టి సాఫ్ట్‌వేరు నేర్చిన యువకుడొకడు కడోదరాలో కూర్చుండి హైదరాబాదునందలి యంత్రమును పలుకరించెననుకొందము. సెకనున కొక్కటి చొప్పున సందేశములు బయలుదేరును. ప్రతి సందేశమునందును దాని క్రమసంఖ్యయు, పంపిన క్షణమున గడియారము చూపిన కాలమును వ్రాయబడి యుండును. అవతలి యంత్రము అక్షరములను మార్చక త్రిప్పి పంపును గనుక, పంపిన కాలము జవాబుతోనే తిరిగివచ్చును. ఇప్పటి కాలమునుండి దానిని తీసివేసిన పోకరాకల కాలము తేలును. పింగ్ తనవద్ద పట్టిక నేదియు ఉంచుకొనవలసిన పని లేదు. ఈ యుక్తి నాకెప్పుడును ముచ్చట గొలుపును. ఇక క్రమసంఖ్యలలో పదునొకండు వచ్చి, పండ్రెండు రాక, పదుమూడు వచ్చినచో, మగ్గముపై పేకపోగు తప్పినచోట బట్టలో బాట కనబడినట్లే, మార్గమున నొక సందేశము నష్టమైనదని స్పష్టమగును.

ఆ రెండు ఊళ్ల నడుమ సరళరేఖలో 700 కిలోమీటర్లకు పైబడిన దూరము. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, జవాబు ఏడు మిల్లీసెకన్లకు లోపల రాజాలదు. ఏబదియో అరువదియో కనబడిన వింత లేదు. మూడువందలు కనబడినచో, ఆ సందేశము సముద్రము దాటి చుట్టుత్రోవన పోవుచున్నదనియో, ఏ కూడలియందో బారులు తీరి నిలిచియున్నదనియో ఊహింపవచ్చును.

మ్యూస్ ఈ కార్యక్రమమును, కెర్నలునకు తాను చేసిన మార్పులను బెర్క్‌లీ విశ్వవిద్యాలయమువారికి ఉచితముగా నిచ్చెను. వారు ఆదరముతో స్వీకరించి తమ యూనిక్సునందు చేర్చిరి; అచ్చటినుండి అది విండోసు వరకు సకల వ్యవస్థలకు ప్రాకెను. ఆ సాధనము లోకమునకు విడుదలైన విధమంతయు ఇంతే: ప్రకటన లేదు, వెల లేదు. ఇదియే తన జీవితమున మిక్కిలి ప్రసిద్ధికెక్కు పని యగునని తెలిసియున్నచో మఱి ఒకటి రెండు దినములు దానిపై శ్రమించి మఱికొన్ని సౌకర్యములు చేర్చియుందునేమో యని ఆయన పిమ్మట వ్రాసెను. అట్లు చేయకపోవుటయే లోకమునకు మేలైనదని నా నిశ్చితాభిప్రాయము. ఒక్క ప్రశ్ననే అడుగుటచేతనే దాని జవాబును ఎల్లరు నమ్మగలుగుచున్నారు. ఒక నెట్‌వర్కు నిర్వాహకుడు ప్రతి జవాబునకు కంప్యూటరు "పింగ్" అని బిగ్గరగా పలుకునట్లు అమర్చి, భవనమంతయు తిరుగుచు తీగల కొసలను ఒక్కొక్కటిగా కదల్చి, ఆ పలుకు ఆగిన చోట దోషమును పట్టుకొనెనని వృత్తిలోనివారు నేటికిని చెప్పుకొందురు.

దాని వంశమును పెరిగెను. 1987 ప్రాంతమున స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సూచనతో వాన్ జాకబ్‌సన్ ట్రేస్‌రూట్‌ను రచించి, నడుమనున్న కూడలుల నొక్కొక్కదానిని వరుసగా పలికించెను. మఱికొంత కాలమునకు, సందేశములు చీటీలు తగిలించుకొని ముందే నిర్ణయింపబడిన బాటలలో పోవు ఎం.పి.ఎల్.ఎస్. నెట్‌వర్కులు రాగా, క్రొత్త చిక్కు తలయెత్తెను: చీటీల బాట చెడియున్నను, సామాన్యపు పింగ్ వేఱొక దారిన చేరి అంతయు క్షేమమని చెప్పగలదు. దీనికి కిరీటి కొంపెల్ల, జార్జ్ స్వాలో రచించిన ఆర్.ఎఫ్.సి. 4379 వలన 2006లో పరిష్కారము లభించెను. కొంపెల్ల యను ఇంటిపేరు తెలుగువారికి క్రొత్త గాదు. వారి సందేశము గమ్యస్థానముగా 127తో మొదలగు చిరునామాను ధరించును. అట్టి చిరునామాను ఏ కూడలియు ముందునకు పంపరాదు గనుక, బాట తెగిన చోటనే సందేశము నిలిచిపోవును. దొంగదారిన పోయి అబద్ధపు క్షేమవార్త తెచ్చుటకు అవకాశము లేదు.

నేడు పెక్కు సంస్థలు భద్రతకై ఎకో సందేశములకు జవాబు నిరోధించుచున్నవి. కావున జవాబు రానంతమాత్రమున అవతలి యంత్రము చచ్చినదని కడోదరా యువకుడు తలపరాదు. వచ్చినంతమాత్రమున దానిపై నడుచు కార్యక్రమము బ్రతికియున్నదని నమ్మనురాదు. ఆ రెండవ సంగతి తెలియవలెనన్న ఆ కార్యక్రమమునే దాని భాషలో పలుకరింపవలెను. అందులకు కర్ల్ మొదలగు వేఱు సాధనములు కలవు.